యాదయ్య చేతి మడత

1998 జులై 6, సోమవారం

అయింది! ఈమెయిలు, ఫ్యాక్సు, పేజరు — మూడూ డిపార్ట్‌మెంటులో ఒకే కంప్యూటరులోకి. మూడు నెలల తిప్పలు. హెడ్ గారు అందరి ముందు భుజం తట్టారు. ఈమెయిలైతే ఎవరిది వాళ్ళకే వెళ్తుంది. ఫ్యాక్సు మీద పేరు కంప్యూటరు చదవలేదు కదా — అవన్నీ హెడ్ గారికే పెట్టాను. అటెండరు యాదయ్య నసిగాడు. "ఎవలది వాళ్లకు మడిచి నేనే ఇస్తుంటి గద సార్..." నవ్వేశాను.

జులై 8

తార్నాకలో అందరికీ చాయ్ ఇప్పించాను. ఎంత పొగరో నాకు.

జులై 14, మంగళవారం

సునీత నిన్ననే ఊరి నుంచి వచ్చింది. నా పక్క సీటే, హెడ్ గారి దగ్గర నాలుగేళ్ళుగా పీహెచ్‌డీ. ఆయనతో పడలేక వేరే యూనివర్సిటీకి రహస్యంగా రాసుకుందట, చేర్చుకోమని. జవాబు ఈ రోజు ఫ్యాక్సులో... నేరుగా ఆయనకే చేరింది. నా ప్రోగ్రాం పుణ్యం. "నా వెనకాల ఇదా నువ్వు చేసేది?" — వరండా దాకా వినబడింది. ఆయన సంతకం లేకపోతే ఆమె థీసిస్ కదలదు.

జులై 15

కొత్త పద్ధతి సునీతకు తెలియదు. యాదయ్యను నిలదీసింది. "నాకే ఇయ్యమన్న గద యాదన్నా!" యాదయ్య నా వైపు చూశాడు. నేను కీబోర్డు మీదికి వంగాను.

"తప్పయింది బిడ్డా" అన్నాడు.



జులై 16

సిగ్గుగా ఉంది. రాస్తున్నా సిగ్గే.

జులై 17, శుక్రవారం

మెట్ల దగ్గర యాదయ్యను పట్టుకున్నాను. తప్పు నా ప్రోగ్రాందని సునీతకు ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే మీ మూన్నెల్ల పని ఖరాబైతది గద సార్." మామూలుగానే అన్నాడు. చెంప మీద కొట్టినా బాగుండేది.

సాయంత్రం సునీత. "ఇంకో ఫ్యాక్సు రావాలె. నీ మిషిన్ల గూడ కనబడ్తదంట గద, ఈసారి చూసి నువ్వే ఇయ్యి. యాదన్నను నమ్మ నేను."

సరేనన్నాను!

జులై 20, సోమవారం

పదకొండింటికి వచ్చింది. అదే యూనివర్సిటీ. హెడ్ గారు క్లాసులో ఉన్నారు. అచ్చు తీసి, కంప్యూటరులో చెరిపేశాను. చదవకుండా మడవబోతే వంకరగా వచ్చింది. యాదయ్యకు అందించాను, సునీతకిమ్మని. చెయ్యి చాపలేదు.

"మీరే ఇయ్యుండ్రి సార్. గా ముచ్చట గూడ చెప్పుండ్రి."

పక్క సీటు నుంచి సునీత — "ఏమన్న వచ్చిందా?"

"లేదు" అన్నాను.

కాగితం నా జేబులోనే ఉంది.