పన్నెండుకు పన్నెండు

మార్చి 14, శనివారం.

పట్టిన నీళ్ళు: పదకొండు బిందెలు, రెండు బకెట్లు. ఉతికినవి: దుప్పట్లు రెండు, చొక్కాలు ఐదు, హాల్లో కర్టెన్లు. ఇస్త్రీ: మీ బావ ఆఫీసు బట్టలు నాలుగు జతలు. స్టవ్వు బర్నర్లు విప్పి కడిగాను. పప్పు డబ్బాలు ఎండలో పెట్టి తీశాను. చేయాల్సింది ఇంకొక్కటే మిగిలింది, ఈ ఉత్తరం.

తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ మీ బావా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ మరదలూ చిన్నదీ కూడా అలాగే ఉన్నారని నీ ఉత్తరం చూస్తే తెలిసింది. ఫోనులో వద్దు, ఇక ఉత్తరాలే రాసుకుందాం అని నువ్వన్నప్పుడు ఇదేం చాదస్తం అనుకున్నాను గానీ, మంచి పనే అయింది. ఫోనులో అయితే ఒంట్లో ఎలా ఉంది అన్న రెండో నిమిషానికి నువ్వు గొడుగు పార్టీ వైపు, నేను నిచ్చెన పార్టీ వైపు వెళ్ళి నిలబడుతున్నాం. ఉత్తరానికి రావడానికి మూడు రోజులు, పోవడానికి మూడు రోజులు. అన్నాళ్ళు కోపం పట్టుకుని కూర్చునేంత తీరిక మనిద్దరికీ లేదు.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు. వరుసగా రాస్తాను. అంతకంటే ముందు ఒకటి చెప్పాలి. మా పక్క వాటా కుట్టు వదిన రేపు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతోంది. ఆమె వెళ్ళేలోగా నేను చెప్పి తీరాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. మూడు వారాలు దాన్ని మింగలేక, కక్కలేక తిరిగాను. నిన్న చెప్పాను. ఏం జరిగిందో నీ నాలుగో ప్రశ్న దగ్గర రాస్తాను, ఎందుకంటే అది నీక్కూడా చెప్పాల్సిన మాటే.

మొదటిది, నా మోకాలు. మెట్లు ఎక్కేటప్పుడు తప్ప నొప్పి లేదు. డాక్టరు ఇచ్చిన మాత్రల్లో పదకొండు వేసుకున్నాను, నాలుగు మిగిలాయి.

రెండోది, నీటి మీటర్ల గొడవ. పండక్కి పిలిచినట్టు పిలిచి మరీ ఫోనులో కొట్టుకున్నామే, అది. తప్పు నాదా నీదా అని అడిగావు. నా పాత నోటు పుస్తకాలు తీసి చూశాను. మూడేళ్ళ కిందట మీ గొడుగు వాళ్ళు ఇంటింటికీ మీటరు పెడతామన్నారు. ఆ రోజు పేజీ చివర నేను రాసుకున్న మాట: పట్టపగలు దోపిడీ. ఈసారి అదే మీటరు మా నిచ్చెన వాళ్ళు పెడతామన్నారు. నేను నీతో ఏమన్నాను? ఊరికే నీళ్ళు ఎవరిస్తారు, వాడినంతకు కట్టాలి అన్నాను. నువ్వేమన్నావు? పట్టపగలు దోపిడీ అన్నావు. మూడేళ్ళ కిందట నువ్వు ఏమన్నావో నా దగ్గర రాసి లేదు, కానీ నీకు గుర్తుండే ఉంటుంది. మీటరు అదే, నీళ్ళూ అవే. మనిద్దరం చోట్లు మార్చుకుని ఒకరి మాటలు ఒకరం అరువు తెచ్చుకుని అరుచుకున్నాం. నవ్వొచ్చింది. తరువాత చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

మూడోది, మా బిల్డింగులో అంత గొడవ ఎలా మొదలైందని. ఎన్నికల ముందు నువ్వు వచ్చి ఉంటే కొన్నిటికి కడుపు చెక్కలయ్యేలా నవ్వేవాడివి. వానలో హెడ్మాస్టరు గారు, అదే మా బిల్డింగు కమిటీ సెక్రటరీ, నిచ్చెన మనిషి, గొడుగు పట్టుకోవడం పరువు తక్కువని తడుస్తూ వచ్చి పది రోజులు జలుబుతో మంచం పట్టారు. మూడో అంతస్తు పెయింటరు మీ గొడుగు మనిషి. పాపం ఆయన బతుకే నిచ్చెన మీద. దాన్ని గోనె పట్టాలో చుట్టి తెచ్చుకునేవాడు. ఏమిటయ్యా ఇది అని మీ బావ అడిగితే, "ఎక్కేది నిచ్చెన, ఓటేసేది గొడుగు, మధ్యలో మీకేం నొప్పి సార్" అన్నాడు. అప్పటిదాకా నవ్వులే.

నీకు తెలుసుగా, మాకు మోటారు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు వేస్తారు. నాలుగు అంతస్తులు, అంతస్తుకు ఆరు చొప్పున ఇరవై నాలుగు వాటాలు. ఒక వారం కింది రెండంతస్తులకు పొద్దున, పై రెండంతస్తులకు సాయంత్రం. మరుసటి వారం తారుమారు. పదిహేనేళ్ళుగా ఆ వంతుల పుస్తకం నేనే రాస్తున్నాను. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఈసారి కుళాయి దగ్గర పార్టీల మాట వచ్చి, ఒకావిడ బిందెను ఇంకొకావిడ కాలితో తన్నింది. ఇంకో రోజు జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. హెడ్మాస్టరు గారు తల పట్టుకుని, "ఏదైనా దారి చూడమ్మా, నీ బుర్రకు తట్టకపోతే ఇక ఎవరికీ తట్టదు" అన్నారు.

తట్టింది. గొడుగు వాళ్ళకు పొద్దున, నిచ్చెన వాళ్ళకు సాయంత్రం. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడకపోతే గొడవే ఉండదు కదా. తెల్ల కాగితం మీద రెండు గడులు గీసి, ఇంటింటికీ వెళ్ళి అడిగి, నంబర్లు వేశాను. కింద హెడ్మాస్టరు గారు సంతకం పెట్టి మోటారు గది గోడకు అంటించారు. ఆ రోజు నుంచి కుళాయి దగ్గర చప్పుడు లేదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నన్ను నేనూ మెచ్చుకున్నాను.

అంతకు ముందు ఎవరు ఏ పార్టీయో మాకు సగం సగమే తెలుసు. కాగితం అంటించాక పిల్లలకు కూడా కంఠతా వచ్చేసింది. పొద్దుటి వాళ్ళు, సాయంత్రం వాళ్ళు అని పేర్లు పడ్డాయి. పొద్దుటి వాళ్ళు మెట్లు సరిగా ఊడ్పించరనీ, సాయంత్రం వాళ్ళ చెత్త వాసనేస్తుందనీ మొదలైంది. నిజం చెప్పాలంటే ఆ ఊడ్చే మనిషి ఒక్కతే, చెత్త బండీ ఒక్కటే.

ఇక నాలుగోది. ఫలితాల రోజు నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలేదేమని అడిగావు. గెలిచామన్న పొగరా అని కూడా రాశావు. రాయడానికి ముందు రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశావు, కాగితం మీద తెలుస్తూనే ఉంది. నీ అనుమానం తప్పు కాదు.

ఆ కాగితం రాసేటప్పుడు ఏం చేశానో మొదట చెబుతాను. అన్ని ఇళ్ళూ అడిగాక నిచ్చెనకు పన్నెండు వచ్చాయి, గొడుగుకు పదకొండు. మిగిలింది ఏడో నంబరు, కుట్టు వదిన. అడిగితే ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండానే, "నీళ్ళు ఏ పూటైనా ఫరవాలేదు వదినా. పార్టీ మాత్రం రాయకు. అందరి కొలతలూ నా దగ్గరున్నాయి, అందరూ నాకు కావాలి" అంది. సరే అన్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే పన్నెండుకు పదకొండు. గడి కింద ఒక ఖాళీ. పన్నెండుకు పన్నెండు అయితే నీళ్ళు సమానంగా వస్తాయి, కాగితం కూడా చూడటానికి బాగుంటుంది. మిగిలిన ఒక్కటీ ఎక్కడ పడాలో లెక్కే చెప్పింది. గొడుగు గడిలో ఏడు వేశాను. ఆమెను మళ్ళీ అడగలేదు.

వారం తిరక్కుండా నిచ్చెన ఇళ్ళ ఆడవాళ్ళు ఆమెకు బట్టలివ్వడం మానేశారు. గొడుగు వాళ్ళు మన మనిషే అని ఆమె కిటికీకి జెండా కట్టారు. ఆమె విప్పేసింది. దాంతో వాళ్ళకూ కోపమొచ్చింది. నేను మాత్రం మానలేదులే అనుకున్నాను. తరువాత లెక్క చూసుకుంటే, ఆ మూడు నెలల్లో నేనూ ఒక్క గుడ్డ ఇవ్వలేదు. మీ బావ ప్యాంట్లు రెండు సందు చివర షాపులో ఇచ్చాను. ఎందుకిచ్చానని అప్పుడు నన్ను నేను అడగనేలేదు.

ఫలితాల రోజు మధ్యాహ్నం మేమంతా డాబా మీద ఉన్నాం. నిచ్చెన గెలిచింది. మీ బావ మిఠాయి పంచుతున్నారు. కింద వీధిలో ఊరేగింపు వస్తోంది. అందులోంచి ఇద్దరు ముగ్గురు, మా వీధి వాళ్ళు కారు, గేటులోంచి లోపలికొచ్చి మోటారు గది గోడ దగ్గర ఆగారు. ఒకడు కాగితం మీద వేలు పెట్టి చదివాడు. తరువాత తలెత్తి కిటికీలు లెక్కపెట్టాడు. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను, తమ్ముడూ. అరవొచ్చు, అరవలేదు. ఏదో నినాదం చేసి పోతారనుకున్నాను.

రాయి తగిలి గాజు పగిలింది. ఆ చప్పుడు వినగానే నాకు సంతోషం వేసింది.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు, మీ బావకు కూడా. ఎక్కువసేపు కాదు, ఒక్క ఊపిరంత సేపు. వాళ్ళకు బాగా అయింది అనుకున్నాను. వాళ్ళు అంటే ఎవరు? గడి నిండటానికి నేను వేసిన అంకె. అది అబద్ధమని ప్రపంచంలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, అయినా మూడు నెలల్లో నేనే నమ్మేశాను. సరిగ్గా అప్పుడే చేతిలో ఫోను మోగింది. నీ పేరు కనిపించింది. ఏడవనీ అనుకుని కట్ చేశాను. నీకు ఇవ్వాల్సిన జవాబు ఇదే.

మిఠాయి పళ్ళెం పట్టుకుని మెట్లు దిగుతుంటే, గోడ అవతల రోజంతా వినబడే మిషను చప్పుడు లేదు. వెలుతురు కోసం ఆమె కిటికీ పక్కనే కూర్చుని కుడుతుంది. తలుపు తోసి చూస్తే కుడి చేతిని ఎవరిదో సగం కుట్టిన స్కూలు చొక్కాలో చుట్టుకుని కూర్చుంది. నన్ను చూసి, "ఈ చొక్కా సోమవారానికి ఇవ్వాలి వదినా" అంది. ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. బొటనవేలి నరం తెగింది. అతికించారు గానీ వేలు ఇక వంగదట. కత్తెర పట్టలేదు.

మరునాడు కానిస్టేబులు వచ్చి కాగితం ఎవరు రాశారని అడిగాడు. సంతకం నాదే, రాత కూడా నాదే అనుకోండి అన్నారు హెడ్మాస్టరు గారు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. బయటికి రాలేదు. ఆయన సెక్రటరీ పని మానేశారు. సగం బిల్డింగు ఆయనను చూసి మొహం తిప్పుకుంటోంది. గోడ మీద కాగితం చించేశారు. అయినా ఈ రోజుకీ అందరూ దాని ప్రకారమే నీళ్ళు పడుతున్నారు.

నిన్న పొద్దున వదిన సామాను కట్టుకుంటుంటే వెళ్ళాను. కుట్టని గుడ్డలు ఎవరివి వాళ్ళకు మూటలు కట్టి, ఎడమ చేత్తో పేర్లు రాస్తోంది. ఆ కాగితం రాసింది నేనేనని చెప్పాను.

"తెలుసు" అంది. "పదిహేనేళ్ళ నుంచి వంతుల పుస్తకం చూస్తున్నాను, నీ అంకెలు నాకు తెలియవా. ఎప్పుడు వచ్చి చెబుతావా అని చూస్తున్నాను."

"లెక్క కుదరక వేశాను."

"కుదరకపోతే నీకు అన్నం సహించదని కూడా తెలుసు. కావాలని చేశావని నేననుకోలేదు. కూర్చో, టీ పెడతాను."

అక్కడితో ఆపి ఉంటే టీ తాగి, ఇద్దరం కాసేపు ఏడ్చి, ఇంటికొచ్చేదాన్ని. కానీ సగం రాసిన లెక్క లెక్క కాదు. ఆ ఒక్క ఊపిరి సంగతి కూడా చెప్పాను. గాజు పగిలినప్పుడు నాకు సంతోషం వేసిందని చెప్పాను.

ఆమె టీ గిన్నె స్టవ్వు మీద పెట్టబోతూ ఆగింది. దాన్ని మళ్ళీ సామాను పెట్టెలో పెట్టేసింది. చాలాసేపు కిటికీకి కొట్టిన అట్టముక్క వైపు చూసింది. చివరికి బల్ల మీది పర్సు ఎడమ చేత్తో విప్పి, ఈ నెల నీళ్ళ చందా తీసి బల్ల అంచున పెట్టింది. వద్దని నేను చెయ్యి అడ్డం పెడితే, ఆ చెయ్యి తాకకుండా డబ్బు ఇంకొంచెం ముందుకు జరిపింది.

"తీసుకోండి. బాకీ ఏమీ లేదని మీ పుస్తకంలో రాసుకోండి. ఎల్లుండి వెళ్ళాక మీతో నాకు ఏ లెక్కా మిగలకూడదు" అంది.

పదిహేనేళ్ళలో ఆమె నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

హెడ్మాస్టరు గారి ఇంటికి నిన్న సాయంత్రమే వెళ్ళి, సోమవారం కానిస్టేబులు దగ్గరికి నేనే వెళ్ళి రాసింది నేనని ఒప్పుకుంటానని చెప్పాను. ఆయన ఇప్పుడెందుకమ్మా అన్నారు. మీ బావకు ఇంకా చెప్పలేదు. ఈ ఉత్తరం పోస్టు చేసి వచ్చి చెబుతాను. నువ్వు దీనికి జవాబు రాస్తావో రాయవో నీ ఇష్టం. రాస్తే, నన్ను మీ పార్టీ వైపు నుంచి తిట్టకు, మా పార్టీ వైపు నుంచి సమర్థించకు. చిన్నదానికి ముద్దులు.

ఆమె ఎదురుగా కూర్చుని నా పుస్తకంలో రాసింది ఉన్నదున్నట్టు కింద ఎత్తి రాశాను.

ఇట్లు,
నీ అక్క

రెండో అంతస్తు, ఏడో నంబరు. మార్చి నీళ్ళ చందా పూర్తిగా ముట్టింది. బాకీ లేదు.