ఆపి చూసిన మోటారు

అన్నా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నువ్వు పోయి రెండేళ్లయిన దినానికి నీ కూతురు సుజాత బెంగుళూరు నుంచి వచ్చింది. "ఆడ ఏం పని చేస్తాండావమ్మా?" అని అడగడమే నా తప్పు.

"కంటికి కనపడని కణాలు లెక్కలేనన్ని ఒకదాన్నొకటి పట్టుకోని ఉంటాయి చిన్నాయనా. ఒకదాన్ని కదిలిస్తే మిగిలినవి ఎట్ల కదులుతాయో మామూలు కంప్యూటర్‌కు లెక్క తేలదు. అందుకే అట్లాంటి కణాలతోనే క్వాంటం కంప్యూటర్ చేసి, ఒకదాన్ని తాకి, మిగిలినవాటిని చూడాల. అదింకా పూర్తిగా తయారు కాలేదులే."

నాకు విసుగొచ్చింది. "ఇంత కథ ఎందుకమ్మా? తాకి చూస్తే తెలుస్తాది, అంతేగదా!" అన్నాను.

అన్నాక నువ్వు గుర్తొచ్చావు. నువ్వు అడిగిందీ అదే. నేను బోరు వేయించిన నెలకే పక్క చేనిలో నీ బావి ఎండింది. "ఒక్క వారం మోటారు ఆపి చూడరా" అన్నావు. "భూమి కింద ఏముండాదో ఎవురికి తెలుసు, పో" అన్నాను. నీ చీనీ తోటలో బత్తాయి చెట్లన్నీ కట్టెలయ్యాయి. నువ్వు మళ్లీ అడగలేదు. ఇంకోసారి అడిగితే, రెండు తగిలించి అడిగితే, నీ సొమ్మేం పోయేది?

సుజాత వెళ్లిన రోజే మోటారు ఆపేశాను. చినుకు పడలేదు. నా శనక్కాయ వాడింది. తొమ్మిదో రోజు నీ బావిలో రాయి వేస్తే బుడుంగుమంది.

నీళ్లొచ్చాయి అన్నా. ఇప్పుడు ఏ చెట్టుకు కట్టేది?

నీ తమ్ముడు