పాస్టరుగారి కాలి కొలత

ప్రియమైన అమ్మకు,

ప్రభువు నామంలో నీ పెద్దమ్మాయి వందనాలు. నా దగ్గు తప్ప ఇక్కడ అందరం క్షేమం. అదీ తగ్గుముఖం పట్టింది, కాబట్టి నువ్వు కంగారుపడి చుట్టుపక్కల వాళ్లందర్నీ కంగారు పెట్టకు.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. పాస్టర్ల బైబిలు తరగతి ఇంకా రేకుల షెడ్డులోనేనా అన్నావు. అక్కడే. వాన పడితే రేకుల మోతకి అరిచి చెప్పాలి. నా గొంతు సంగతి నీకు తెలుసుగా, వానే తగ్గుతుంది.

ఇక మూడో ప్రశ్న. మన మిషన్ పత్రికలో ఇక్కడి పాస్టరుగారు వట్టికాళ్లతో నిలబడ్డ ఫోటో చూసి ఏడ్చావట. మన సంఘం ఆడవాళ్లంతా కలిసి చెప్పులు పంపుతారట, కాలి కొలత రాయమన్నావు. అది చదివి నాకు తల కొట్టేసినట్టయిందమ్మా.

ఆయనకు చెప్పులున్నాయి. ఫోటో కోసం నేనే విప్పించాను.

"ఇలా అయితే చూసేవాళ్ల మనసు కరుగుతుందండీ" అన్నాను, పెద్ద తెలివైనదానిలా. ఆయన విప్పి గోడవారగా పెట్టారు.

ఆ చెప్పులు కుట్టి ప్రేమగా ఇచ్చింది ఆయన సంఘంలోనే ఉన్న చెప్పులు కుట్టే పెద్దాయన. పత్రిక ఇక్కడికీ వచ్చింది. ఫోటో చూసి, "నా చెప్పులు పాస్టరుగారికి నామోషీ అయ్యాయా?" అని ఆరాధనకు రావడం మానేశాడు. మూడు వారాలు! అయినా పాస్టరుగారు నా పేరు బయటపెట్టలేదు. ఎందుకండీ అంటే, "మా మేలు కోరే చేశారు కదమ్మా, మిమ్మల్ని నలుగురిలో పలచన చేస్తానా?" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

శనివారం పొద్దున్న పెద్దాయన కొట్టుకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నీ ఉత్తరం కూడా చదివి వినిపించాను. దారానికి మైనం రాస్తూనే విన్నాడు. నేను తిట్లకి సిద్ధపడే వెళ్లాను.

"ఎన్నడూ చూడని మనిషి కాళ్ల కోసం మీ అమ్మగారు ఏడ్చారా?" అన్నాడు. అవునన్నాను. మళ్లీ పనిలో పడ్డాడు.

అమ్మా, వచ్చే ఆదివారం ఈ ఉత్తరం సంఘంలో నిలబడి అందరికీ చదువు. కూతురి పరువు పోతుందని మధ్యలో దాటెయ్యకు. చెప్పులు పంపొద్దని కూడా చెప్పు.

పంపాల్సింది ఒకటుంది. కాగితం మీద నీ రెండు పాదాలూ పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసి పంపు. నిన్న ఆరాధన అయ్యాక పెద్దాయనే నన్ను ఆపి అడిగాడు.

ఇట్లు,
నీ తొందరపాటు పెద్దకూతురు