ఆదివారాలు లెక్కలోకి రావు

మార్చి 5, విభూది బుధవారం

నుదుటి మీద విభూది ఇంకా చెరగలేదు. చెరిగేలోపే రాసేయాలి, అప్పుడే ఒట్టుకి కాస్త విలువ.

ఈస్టర్ దాకా ఇష్టమైనదేదో ఒకటి మానేసే ఈ తపస్సు కాలంలో జెరోమ్ పావ్లక్ అనబడే నేను మానేయబోతున్నది బీరు కాదు, చాక్లెట్ కాదు. పన్ను సాఫ్ట్‌వేర్! ఆదాయపు పన్ను లెక్కలు వేసిపెట్టే ఆ మహానుభావుడికి ఈ ఏడు ఒక్క డాలరు కూడా ఇవ్వను. మొదటి ఏడు ఉచితమన్నాడు. మరుసటి ఏడు నలభై. పోయినేడు నూట యాభై తొమ్మిది. ఈ ఏడు రెండు వందల నాలుగు, రాష్ట్రం పన్నుకి మళ్ళీ వేరే. అంతగా ఏం మారిందయ్యా అని చూస్తే బొత్తాల రంగు మారింది. ఆకుపచ్చ పోయి నీలం వచ్చింది.

నాది బడిలో బాయిలర్లు చూసుకునే ఉద్యోగం. జీతం కాగితం ఒక్కటే. కానీ శనివారాలు నలుగురికి అకార్డియన్ నేర్పుతాను. అంతే, మహానుభావుడి లెక్కలో నేను వ్యాపారవేత్తనైపోయాను. వ్యాపారవేత్తల ధర వేరు.

చర్చి నుంచి వస్తూ కారులో బెర్నీకి చెప్పాను. బెర్నీ అంటే నా భార్య బెర్నడీన్. మెచ్చుకుంటుందనుకున్నాను. ఇంటికి రాగానే చర్చి పత్రికలోంచి ఒక ప్రకటన చింపి ఫ్రిజ్‌కి అంటించింది. బుధవారాలు లైబ్రరీలో పన్ను లెక్కలు ఉచితంగా వేసిపెడతారట. ఆ సేవ చేసేది ఎవరో నాకు తెలుసు. బెర్నీ అన్న క్లెమ్, పోస్టాఫీసులో రిటైరైన పెద్దమనిషి.

క్లెమ్‌తో నాకు మాటల్లేవు. రెండేళ్ళ కిందటి ఈస్టర్ పొద్దున, బల్ల దగ్గర, పన్ను పని చిటికెలో అయిపోయిందని నేను గొప్పలు పోయాను. "డబ్బూ నువ్వే ఇచ్చి, టైపింగూ నువ్వే కొట్టి, పైగా గొప్పా?" అన్నాడు. ఊరుకుంటే పోయేది. ఈస్టర్‌కి వెన్నతో చేసే గొర్రెపిల్లని జూన్ దాకా దాచుకుని గీక్కుతినే పిసినారివి నువ్వు అన్నాను, అందరి ముందూ. లేచి, తను తెచ్చిన సాసేజ్ పళ్ళెంతో సహా పట్టుకుని వెళ్ళిపోయాడు. మంచి సాసేజ్.

పోయిన ఈస్టర్‌కి అతని కుర్చీ ఖాళీ. ఈ ఏడు కూడా ఖాళీగా ఉంటే అసలు బల్లే వేయనని బెర్నీ తేల్చేసింది. ఆమెకున్నది ఒక్క అన్న.

"నీకు ఉచితం కావాలి, నాకు మా అన్నయ్య కావాలి. రెండూ ఆ లైబ్రరీలోనే ఉన్నాయి. వెళ్ళు" అంది.

వెళ్ళను. ఈ దేశంలో ఉచితానికేం కొదవ?

మార్చి 7, శుక్రవారం

తపస్సు శుక్రవారాలు మాంసం ఉండదు కనక చర్చి హాలులో వేయించిన చేప. మూడు బల్లల దగ్గర ఆగి నా సంకల్పం గురించి చెప్పాను. ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఇంకొకాయన ఉప్పు అందించమన్నాడు.

క్యూలో క్లెమ్ నా ముందే ఉన్నాడు. వెనక్కి తిరిగి నావైపు చూశాడు, గోడకున్న హీటర్‌ని చూసినట్టు. నేనూ అతణ్ణి అలాగే చూశాను. ఇద్దరం క్యాబేజీ వడ్డించుకున్నాం.

మార్చి 9, ఆదివారం

చాక్లెట్ మానేసిన బెర్నీ పొద్దున్నే సోఫాలో కూర్చుని చాక్లెట్ తింటోంది! నాలుగు రోజులకే దీక్ష గోవిందా అని సంబరపడ్డాను. ఆమె బెదరలేదు. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా రోజులు లెక్కపెడితే నలభై దాటిపోతాయట. ఆదివారాలు తీసేస్తేనే నలభై. కాబట్టి ఆదివారాలు లెక్కలోకి రావు, వాళ్ళమ్మా అలాగే చేసేదట.

ఇంత మంచి మతంలో పుట్టి ఇన్నాళ్ళూ ఈ సంగతి పట్టించుకోలేదు నేను.

ఆదివారం కదా అని మహానుభావుణ్ణి తెరిచి ఊరికే ధర చూశాను. రెండు వందల పంతొమ్మిది. నాలుగు రోజుల్లో పదిహేను డాలర్లు ఎందుకు పెరిగాయో అడుగుదామంటే మనిషి లేడు. మూసేశాను. నన్ను చూసి నాకే గర్వమనిపించింది.

మార్చి 12, బుధవారం

మహానుభావుడి దగ్గరే 'పూర్తిగా ఉచితం' అని ఇంకో గుమ్మం ఉంది. ఉచితమైతే దీక్ష చెడదు కదా, దూరాను.

నేను రైతునా? కాదు. మత గురువునా? కాదు. చేపలు పడతానా? తినడం వరకే. అంధుణ్ణా? ఈ తెర చూస్తుంటే అయ్యేలా ఉన్నాను. మధ్యాహ్నమంతా అడిగి, పేరూ ఊరూ జీతమూ అన్నీ నా చేతే కొట్టించుకుని, చివర్లో అకార్డియన్ మాట రాగానే తెర నిండా రంగు కాగితాలు రాలాయి. అభినందనలట! నా అవసరాలు ఎదిగాయట! ఎదిగినవాడు పై మెట్టుకి వెళ్ళాలట!

ఒళ్ళు మండిపోయింది. బెర్నీ ఫ్రిజ్ వైపు కళ్ళతో చూపించింది. పాలు కావాలేమో అనుకున్నట్టు నటించాను.

మార్చి 15, శనివారం

మా నాన్న కాగితం మీద పెన్సిల్‌తో చేసేవాడు. నేనూ ఆయన కొడుకునే.

ఫారాలు అచ్చేశాను. పెన్సిల్ చెక్కాను. పదకొండో గడిలో వేయాల్సిన అంకె ఇంకో కాగితంలో ఉంటుందట. ఆ కాగితం ఏమంటుందంటే, ముందు పదకొండో గడి నింపి రా అంటుంది. బహుశా నేనే తప్పు చదివాను. తప్పు చదివానని ఒప్పుకునేలోపు కాఫీ ఒలికింది. పెన్సిల్ విరిగింది, అది నేను విరిచాను.

మా నాన్నకి అకార్డియన్ లేదు. అందుకే ఆయనకి కుదిరింది.

మార్చి 22, శనివారం

దొరికింది! పదిహేను డాలర్ల సాఫ్ట్‌వేర్. నా ఒట్టు మహానుభావుడి మీదే గాని ఇతని మీద కాదు. పేరెప్పుడూ వినలేదు, బొమ్మలు లేవు, రంగు కాగితాలు రాలవు. అడిగింది అడిగాడు, ఊరుకున్నాడు. ఇలాంటి మనిషి ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడో! అకార్డియన్ చెప్పినా ఉలకలేదు. చివరి గడి దాకా వెళ్ళిపోయాను. బెర్నీని పిలిచి చూపించాను కూడా.

చివరి గడి: నువ్వు నువ్వే అని రుజువు చేయడానికి పోయినేడు మొత్తం ఆదాయం ఎంతో వేయి.

ఆ అంకె ఎక్కడుంది? మహానుభావుడి దగ్గర. నేను దాచుకోలేదు. ఆయన దాచాడు. చూపించవయ్యా అంటే, ఈ ఏడు డబ్బు కడితే పోయినేటిది చూపిస్తానన్నాడు. నా జీతం, నా అకార్డియన్, నేనే టైపు కొట్టిన అంకె!

పన్ను ఆఫీసుకి ఫోన్ చేశాను. పాట వినిపించారు. చాలాసేపు వినిపించారు. ఎక్కడా అకార్డియన్ లేదు.

మార్చి 30, ఆదివారం

మంచు పడింది. ఇలాంటి వాతావరణంలో పన్ను పని ఎవరు చేస్తారు? వారమంతా బడిలో బాయిలర్ మొరాయించింది. దానికి ముందు వారం నడుము నొప్పి. అదీకాక గడువు ఏప్రిల్ 15, బోలెడు టైముంది.

ధర రెండు వందల ముప్ఫై తొమ్మిది. ఆదివారం కనక చూశాను.

బెర్నీ ఈస్టర్ పళ్ళేలు దించి తుడుస్తోంది. ఆరు తుడిచి ఏడోది చేతిలో పట్టుకుని నిలబడింది. అది క్లెమ్ పళ్ళెం. దాన్ని మళ్ళీ పైకే పెట్టేసింది. అంతసేపూ సణిగినా నాకు బాగుండేది.

ఏప్రిల్ 9, బుధవారం

వెళ్ళాను.

బెర్నీ కోసం కాదు, మహానుభావుడి మీద కసితో. అలా అని లైబ్రరీ మెట్లు ఎక్కేటప్పుడు నాకు నేను రెండుసార్లు చెప్పుకున్నాను. మిగిలిన ఇద్దరు స్వచ్ఛంద సేవకుల దగ్గరా జనం ఉన్నారు. క్లెమ్ ఎదుటి కుర్చీ ఖాళీ. మన అదృష్టం ఎప్పుడూ ఇంతే.

తలెత్తి చూశాడు. మళ్ళీ దించాడు. పేరు అడిగాడు! చెల్లెలి పెళ్ళిలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చిన మనిషి నన్ను పేరు అడిగాడు. చెప్పాను. పెళ్ళయిందా అన్నాడు. అయిందన్నాను. భార్య పేరు అడిగాడు. "నీ చెల్లెలు" అన్నాను. పేరు కావాలన్నాడు, రాసుకున్నాడు.

జీతం అయింది. అకార్డియన్ పాఠాల మీద ఎంత వచ్చిందన్నాడు. పదమూడు వందలు. ఖర్చులేమైనా ఉన్నాయా అన్నాడు. ఉన్నాయి కదా మరి! కొత్త అకార్డియన్ కొన్నాను, అంటే సెకండ్ హ్యాండ్‌ది, పంతొమ్మిది వందలు. కాస్త గొప్పగానే చెప్పాను.

పెన్ను కింద పెట్టేశాడు.

"నష్టమొచ్చింది" అన్నాడు.

"సంగీతమన్నాక..."

"నష్టమొచ్చిన వ్యాపారం లెక్కలు మేం ఇక్కడ చేయకూడదు. రూలు."

సరే అకార్డియన్ సంగతి మర్చిపో అన్నాను. ఖర్చులన్నీ చూపించాల్సిందేనట, నేను చెప్పేశాను, తను వినేశాడు, ఇక కుదరదట. మరి నేనేం చేయాలి అంటే మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. చాలా మెల్లగా, సాఫ్ట్‌వేర్ కొనుక్కో అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండేళ్ళు కుర్చీ ఖాళీ పెట్టినవాడు, ఈస్టర్ బల్ల దగ్గర నన్ను తెలివితక్కువవాణ్ణి చేసినవాడు, కొనుక్కో అంటున్నాడు! నీ లెక్కలు ఎవరు చేస్తారు మరి అని అడిగాను, ఏదో ఒకటి అనాలని.

క్లెమ్ చెవులు ఎర్రబడ్డాయి. వాళ్ళింటి పైవాటా అద్దెకిచ్చాడు కదా, అద్దె లెక్కలు కూడా ఇక్కడ చేయకూడదట.

"అయితే?"

"నాకూ ఆ సాఫ్ట్‌వేరే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరేళ్ళు. ఆ ఈస్టర్‌కి ముందు రోజే కట్టాను జెరోమ్. ఆ మంటే నీ మీద చూపించాను. తర్వాత ఏ మొహం పెట్టుకుని రాను?"

నాకు కోపం రావాలి. తన్నుకొచ్చింది మాత్రం నవ్వు. అతనూ మూతి బిగబట్టి చూశాడు, ఆగలేదు. లైబ్రరీ ఆవిడ వచ్చి ఇద్దర్నీ నిశ్శబ్దంగా ఉండమని హెచ్చరించింది. కళ్ళు తుడుచుకుంటూ, ఈ ఏడు ఇంకా కట్టలేదు, ధర తగ్గుతుందేమోనని చూస్తున్నానన్నాడు. పాపం, అమాయకుడు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

చర్చి నుంచి నేరుగా క్లెమ్ మా ఇంటికే వచ్చాడు. ఒక చేతిలో తాటి మట్ట, ఇంకో చేతిలో కంప్యూటర్. వంటింటి బల్ల మీద ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం ఒకేసారి బొత్తాం నొక్కాం. నాకు రెండు వందల అరవై తొమ్మిది. అతనికీ అంతే, అద్దెకున్నవాడికి కుక్క ఉందని అదనంగా అడుగుతాడేమోనని భయపడ్డాం గాని అడగలేదు. రెండు తెరల మీదా రంగు కాగితాలు రాలాయి.

దీక్ష ఏమైందని బెర్నీ అడిగింది.

"ఆదివారాలు లెక్కలోకి రావు" అన్నాం ఇద్దరం.

ఆమె ఇద్దరికీ బంగాళాదుంప కూరి ఉడికించిన పియరోగీలు వడ్డించింది. అన్నకి రెండు ఎక్కువ వేసింది. ఏడో పళ్ళెంలోనే వేసింది.

ఏప్రిల్ 20, ఈస్టర్

సాసేజ్ తిరిగొచ్చింది. మనిషితో సహా. వెన్న గొర్రెపిల్ల తల నేనే కోసి క్లెమ్ పళ్ళెంలో పెట్టాను. జేబు రుమాల్లో చుట్టుకున్నాడు, జూన్ దాకా వస్తుందన్నాడు. బెర్నీ నవ్వి నవ్వి వంటింట్లోకి వెళ్ళింది, చాలాసేపు అక్కడే ఉండిపోయింది. వెళ్ళి చూస్తే ఉల్లిపాయలు తరుగుతున్నానంది. అక్కడ ఉల్లిపాయలు లేవు.

ఏప్రిల్ 21, ఈస్టర్ సోమవారం

ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకునే మా పోలిష్ వాళ్ళ నీళ్ళ పండగ. వీధంతా నీళ్ళ తుపాకులు, పోల్కా పాటలు. ఊరేగింపులో అకార్డియన్ వాయించాను, పై నుంచి కింద దాకా తడిశాను. బెర్నీ బకెట్‌తో కొట్టింది.

క్లెమ్ దగ్గర ఉపాయం ఉంది. ఈ ఏడు ఏమీ కొనకుండా పాఠాల మీద లాభం చూపిస్తే, వచ్చే ఏడు నా లెక్కలు లైబ్రరీలో తనే ఉచితంగా చేస్తాడట. కాబట్టి ఇదిగో, చొక్కా ఆరకముందే రాసేస్తున్నాను: మహానుభావుడికి వచ్చే ఏడు ఒక్క డాలరు కూడా ఇవ్వను. లాభం తీస్తాను. రసీదులు దాస్తాను. పోయినేటి అంకెని ఫ్రిజ్‌కి అంటిస్తాను.

ఊరేగింపు చివర్లో ఒక ముసలాయన తన ఇంటి ముందు అమ్మకానికి పెట్టాడు. ఎర్ర అకార్డియన్, ముత్యాల బొత్తాలు, పదహారు వందలు. అటు చూడకు, నష్టం వస్తుంది అన్నాడు క్లెమ్. చూడలేదు. నడుస్తూ నడుస్తూ, దాని గాలితిత్తి బాగానే ఉన్నట్టుందన్నాడు క్లెమ్.

ఇవాళ సోమవారం. ఆదివారం ఇద్దరం వెళ్ళి ఊరికే చూసొస్తాం.