ఏడో కార్డు

ఫిబ్రవరి 18, బుధవారం

పిల్లలకి ఇంగ్లీషు ఆటల కార్డులు గీస్తున్నాను కదా, ఏడో కార్డు పూర్తయింది. స్కెచ్ పెన్ను సిరా ఇంకా వేలికే ఉంది.

శనివారం ఇంగ్లీషు — టేస్ట్ అండ్ టెల్. పిల్లలు ఇంటి దగ్గర్నుంచి నాలుగు చిన్న పొట్లాలు తేవాలి. పంచదార, ఉప్పు, చింతపండు, మెంతులు. పొట్లం మీద ఇంగ్లీషులో పేరు రాయాలి. కళ్లు మూసుకుని నాలిక మీద వేసుకుని చెప్పాలి — ఇట్ ఈజ్ స్వీట్, ఇట్ ఈజ్ సాల్టీ.

కారం తెచ్చి పక్కవాళ్ల చేత తినిపించే గడుగ్గాయిలు ఉంటారు. అందుకని ఒక రూలు పెట్టాను. తెచ్చినవాళ్లే ముందు రుచి చూడాలి. ఈ రూలు తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

టీచర్ల వాట్సాప్ గ్రూపులో కార్డు ఫొటో పెట్టేశాను. ట్రైనింగులో నా కార్డులు చూసి పదకొండు బళ్లవాళ్లు తీసుకుంటున్నారు. మా బళ్లో ఈ శనివారం, వాళ్ల బళ్లలో వచ్చే శనివారం. మేం ముందు ఆడి చూస్తాం, వాళ్లు వెనక ఆడతారు.

భయం ఒకటే... నా ఇంగ్లీషు చూసి ఎవరైనా నవ్వుతారేమో అని.

ఫిబ్రవరి 19, గురువారం

మాడుగుల వైపు బడి సుజాత గారు మెసేజి పెట్టారు. ఆ బడంతటికీ ఆవిడొక్కరే టీచరు. "బొమ్మలు ఎంత బాగున్నాయో మేడమ్! ముఖ్యంగా ఉప్పు కుప్ప." రోజంతా నేల మీద లేను.

ఫిబ్రవరి 21, శనివారం

నిద్ర రావడం లేదు. రాస్తే వస్తుందేమో.

రెండో తరగతి దేవిక. పొట్లం మీద సాల్ట్ అని ఎంతో పొందిగ్గా రాసుకొచ్చింది. కళ్లు మూసుకుంది. నోట్లో వేసుకుంది. తర్వాత దగ్గు... దగ్గు ఆగదు. వాంతి. కళ్లు పైకి తేలేసింది. పొట్లం వాసన చూస్తే అగ్గిపుల్ల గీసినట్టు ఘాటు.

ఆటోలో నా ఒళ్లోనే పడుకోబెట్టుకున్నాను. ఇంత చిన్న ఒంట్లోంచి అంత చప్పుడు ఎలా వస్తుంది.

వాళ్లమ్మ పార్వతి గానుగ దగ్గర బెల్లం పనికి పోతుంది. పని చీర మీదే ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. పొట్లం చూస్తూనే నెత్తి కొట్టుకుంది. "ఇది ఉప్పు కాదు బాబూ... బెల్లం తెల్లగా రాడానికి పాకంలో ఏత్తాం, ఆ పొడి." డాక్టరు ముఖం మారిపోయింది.

ఇంట్లో ఆయనకి పాప కళ్లు తిరిగి పడిందని మాత్రం చెప్పాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

చర్చిలో అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను. మూసుకుంటే ఆ పాప కనిపిస్తోంది, చేతిలో పొట్లంతో, నా వైపు తిరిగి.

ఫిబ్రవరి 23, సోమవారం

హెడ్మాస్టారు గదిలోకి పిలిచి తలుపు దగ్గరకి వేశారు. నాకు ఏబీసీడీలు దిద్దించింది ఆయనే. ఆయన ముందు కుర్చీలో కూచోవడం నాకిప్పటికీ చేతకాదు.

"ఏటమ్మా, అలాగ వణికిపోతన్నావు? పాప ఇంటికాణ్ణించి తెచ్చుకుంది, నోట్లో ఏసుకుంది. పై ఆఫీసుకి అంతే రాసి పంపేను. నువ్వూ అంతే సెప్పు."

కార్డు సంగతో, అన్నాను.

"ఏ కార్డు?" అన్నారు. కట్టలోంచి ఏడోది తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు. "నీ మంచికే సెప్తన్నాను. ఆ ఊసు ఎత్తకు."

బయటికొచ్చాక గుర్తొచ్చింది. ఆయన జేబులో ఉన్నది ఒక్కటే. ఇంకా పదకొండున్నాయి. శనివారం వస్తోంది.

మళ్లీ లోపలికి వెళ్లాను. మిగతా బళ్లకి ఫోన్ చేసి ఆపమందామా అని అడిగాను.

"ఎందుకాపాలని అడుగుతారు. అప్పుడేటి సెప్తావు?"

తల ఊపి వచ్చేశాను. అంత తేలిగ్గా ఊపాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

శనివారం నాడు ఒకటి రాయలేదు. ఈ కాగితానికి కూడా చెప్పలేకపోయాను.

దేవిక మొదట చిటికెడే వేసుకుంది. వెంటనే ఉమ్మేసింది. ముఖం ముడుచుకుంది. వాక్యం చెప్పలేదు. మిగతా పిల్లలు నవ్వారు. నాకు చిరాకేసింది — ఇంత కష్టపడి చేసిన ఆట, మొదటి వరసలోనే పాడవుతోందని. "ఉమ్మకూడదు. ఇంకోసారి వేసుకో. కొంచెం ఎక్కువ వేసుకుంటేనే రుచి తెలుస్తుంది. చూసి చెప్పు" అన్నాను.

వేసుకుంది. నేను చెప్పానని వేసుకుంది.

ఇదెవరికీ తెలియదు. పిల్లలకి తెలుసు. వాళ్లని ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 25, బుధవారం

ఆసుపత్రి. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. గొంతు లోపల కాలిందట. ఊపిరి సంగతి ఇంకా చూడాలంటున్నారు డాక్టరు. పాప నిద్రలో ఉంది. మాస్కు లోపల ఆవిరి వస్తోంది, పోతోంది. అది పోయినప్పుడల్లా మళ్లీ వచ్చేదాకా నేను లెక్కపెడుతున్నాను.

పార్వతి లేచి నిలబడింది. నాకు నమస్కారం పెట్టింది. నాకు!

"నాదే తప్పు మేడమ్. ఆ డబ్బా మీదెక్కడో ఎట్టుకోవాల్సింది. మీరు సదువు సెప్పేరు, మాకే బుద్ధి లేదు."

ఇంట్లో ఉప్పు లేదా, పాప గానుగ దగ్గరికెందుకు వెళ్లింది అని అడిగాను. నోరు మూసుకుని ఉండాల్సింది.

"మా ఇంట్లో రాళ్లుప్పు మేడమ్. మీరు గీసిన బొమ్మలో మెత్తగ, పిండి లాగుందట. రాళ్లు పట్టుకెళ్తే మేడమ్ తప్పంటారని గానుగ కాడికొచ్చింది. నాను సూడనేదు."

నా ఉప్పు కుప్ప. తెల్లగా, మెత్తగా. మా ఇంట్లో ప్యాకెట్టు చించితే ఉండేలాంటిది.

పార్వతికి ఏమీ చెప్పలేదు. పరవాలేదు అన్నాను. క్షమించేసినట్టు! ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో.

ఆటోలో వస్తూ పదకొండు బళ్లూ తలుచుకున్నాను. అన్నీ చెరుకు ఊళ్లే. అదే బొమ్మ. ప్రతి గానుగ దగ్గరా అదే పొడి.

ఫిబ్రవరి 26, గురువారం

గ్రూపులో పెట్టాను — "ఏడో కార్డు సరిగ్గా రాలేదు, కొత్తది పంపుతాను. ఈ వారం ఎనిమిదోది ఆడించండి." పిరికిదాన్ని. అబద్ధం కూడా వినయంగా ఆడతాను.

జవాబులు: "పరవాలేదు మేడమ్, మా కాపీ బాగానే వచ్చింది." "పిల్లలు పొట్లాలు కట్టేసుకున్నారు మేడమ్, మహా సరదా పడిపోతన్నారు." ఒకావిడ చప్పట్ల బొమ్మ పెట్టారు.

అన్నం దిగలేదు. ఆయన అడిగారు. తలనొప్పి అన్నాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

భోజనాల బెల్లు అయ్యాక సుజాత గారికి ఫోన్ చేశాను. రేపు ఆట మానేయకూడదూ అన్నాను.

"అమ్మో, మానేత్తే నన్ను బతకనిత్తారా మేడమ్! వారం నుంచీ అదే ఊసు. మా ఊళ్లో నాలుగు గానుగలున్నాయి, పంచదార లేకపోతే బెల్లం తెమ్మన్నాను. ఉప్పు మాత్రం బొమ్మలో ఉన్నట్టే తేవాలని సెప్పేను."

ఫోన్లోనే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. వెనక వరండాలో హెడ్మాస్టారి దగ్గు వినిపించింది. సరేనండీ, ఉంటానండీ అనేశాను.

సాయంత్రం ఐదు. బడి ఖాళీ అయ్యాక రెండో తరగతి గదిలో కూచుని టైపు చేశాను. ఇక్కడా రాసుకుంటున్నాను, రేపు నేను మాట మార్చకుండా:

"దేవిక తనంతట తాను తినలేదు. నా కార్డులో రుచి చూడమని ఉంది. బొమ్మలో ఉప్పు మెత్తగా గీశాను, అలాంటిదే వెతికి బెల్లంలో వేసే పొడి తెచ్చింది. మొదట ఉమ్మేసింది. నేనే మళ్లీ వేసుకోమన్నాను. పాప ఆసుపత్రిలో ఉంది. రేపు ఏ బళ్లోనూ ఏడో కార్డు ఆడించకండి."

గ్రూపులో హెడ్మాస్టారూ ఉన్నారు. ఉద్యోగం... పార్వతి ముఖం... ఊళ్లోవాళ్లు బడి మీదికి వస్తే? మూడుసార్లు చెరిపాను. మూడుసార్లు మళ్లీ రాశాను.

పంపేశాను.

ఫిబ్రవరి 28, శనివారం

మాడుగుల బస్సు. అక్షరాలు ఎగురుతున్నాయి.

పది బళ్ల నుంచి జవాబులు వచ్చాయి. ఆపేస్తామన్నారు. ఒకాయన "మీకు సిగ్గుండాలి" అని రాశారు. నిజమే, ఉండాలి. సుజాత గారికి మెసేజి అందనే లేదు. నిన్న రాత్రి నుంచీ ఫోన్ స్విచ్ఛాఫ్. అందుకే మొదటి బస్సెక్కాను.

పొద్దున్నే ఇంట్లో ఆయనకి అంతా చెప్పాను. చెప్పులు తొడుక్కుని స్టాండు దాకా వచ్చి ఎక్కించారు.

చోడవరంలో బస్సు అరగంట ఆపేశాడు. అరిచాను. కండక్టరు నన్ను వింతగా చూశాడు. ఫోన్లో హెడ్మాస్టారి పేరు మోగుతూనే ఉంది. నాలుగోసారి. ఎత్తలేదు. ఆసుపత్రి నంబరు కాకపోతే చాలు. పాప గురించి పొద్దుట్నుంచీ ఏ కబురూ లేదు.

ఎనిమిదీ నలభై. తొమ్మిదింటికి బెల్లు. ముందు ప్రార్థన, తర్వాత ఇంగ్లీషు.

రోడ్డు పక్కన సుజాత గారి బడి వైపు యూనిఫారాల్లో పిల్లలు వరసగా నడుస్తున్నారు. శనివారం నో బ్యాగ్ డే కదా, భుజాన సంచుల్లేవు. చేతుల్లో పొట్లాలున్నాయి. ఒక చిన్నది పొట్లం విప్పి వాసన చూస్తోంది.

ఆపమని కేకేశాను. ఇక్కడ స్టాపు లేదమ్మా అంటున్నాడు కండక్టరు.