మీలో పెద్ద ఎవరన్నారు

నర్సమ్మక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చెవులు వినపడని మన పిల్లలకు ఒక టీచరును ఇమ్మని అడగడానికి ఇవాళ సంగారెడ్డి విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళాం. పిల్లల్ని నలుగురిలోకి తేవడానికి తల్లులు వస్తారో రారోనని పటాన్‌చెరు బస్టాండులో వచ్చిన ప్రతి బస్సునూ చూస్తూ నిలబడ్డాను. కర్దనూర్ నుంచి ఎల్లమ్మ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది.

"నర్సక్క లేదని ఇంట్లనే కూసుంటమా?" అంది. వెనకే మరో ఐదుగురు తల్లులు.

ఆఫీసరు మా అర్జీ చదివి, "మీలో పెద్ద ఎవరు?" అన్నారు. మా క్వార్టర్సు తలుపు తట్టి, నేను దాచిన నా కూతురు సుజాతను బయటకు తెచ్చిన నీ పేరే నోటిదాకా వచ్చింది. అందరూ నావైపు చూశారు.

"నేనేనండీ" అన్నాను.

సోమవారం మళ్ళీ రమ్మన్నారు. టీచరును ఇవ్వలేమని వాళ్ళంటే ఏం చెయ్యాలో తెలియడం లేదక్కా. ఇదివరకు నిన్ను అడిగేదాన్ని. ఇప్పుడు ఈ తల్లులంతా నన్ను అడుగుతారు.