అన్నయ్య నిద్ర

నీ చేతి ముద్దలు తిని పెరిగిన మరిది, వదినకు నమస్కరించి రాసేది.

ఇద్దరం సుఖంగా ఉన్నామని అన్నయ్య ఫోన్‌లో చెప్పినదంతా నిజం కాదు. భూకంపం వచ్చిన ఉదయం అన్నయ్య బేకరీలో పనిలో ఉన్నాడు. నాకు సెలవు. మేడ మీద మా గదిలో ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. మంచం ఊగితే అన్నయ్య లేపుతున్నాడనుకుని అటు తిరిగాను. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి చుట్టూ చీకటి, నోటి నిండా దుమ్ము. మేడంతా కూలిపోయింది. తలుపుచెక్క నా మీద అడ్డం పడబట్టి బతికాను గానీ కాలు కదల్లేదు, గొంతు పెగల్లేదు.

ఎంతసేపయిందో, పైనుంచి అన్నయ్య తిట్లు వినిపించాయి.

"ఒరేయ్ సోంబేరీ, ఇంకా పడుకున్నావట్రా? ఒక్కసారి పలకరా. మీ వదినకి ఏం చెప్పుకోనురా నేను?"

చేతికందిన ఇటుకముక్కతో తలుపు మీద కొట్టాను. మిగతా గోడ కూడా పడుతుంది, దిగమని అందరూ అరుస్తున్నా వినకుండా, పిండి అంటిన చేతులతోనే రాళ్ళు తీశాడట. నన్ను బయటికి లాగి, కొట్టబోయి, కావలించుకున్నాడు.

నా కాలు నయమైంది. దిగులంతా అన్నయ్య గురించే. గురకతో పక్కగదివాళ్ళని కూడా లేపే మనిషి, ఇప్పుడు మాకిచ్చిన గుడారంలో రాత్రంతా కూర్చునే ఉంటున్నాడు. అడిగితే దోమలంటాడు. బలవంతంగానైనా నీ దగ్గరికి పంపిస్తాను. నేనిక్కడ కూలిన బేకరీ కట్టే పని చూసుకుంటాను. ఇదంతా నేను రాశానని మాత్రం అనకు.

నీ మరిది

*

చిన్నోడికి, వదిన దీవెనలు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మీ అన్నయ్య ఉత్తరమూ వచ్చింది. నీకు చెప్పొద్దనే ఆయనా రాశారు. కన్ను మూస్తే చాలు, "ఇక్కడున్నాను, ఇక్కడున్నాను" అని అరుస్తున్నావట. చెయ్యి పట్టుకుంటే ఊరుకుంటావట, వదిలితే మళ్ళీ మొదలట. తెల్లారితే నీకేమీ గుర్తుండదట. అందుకే ఆయన పడుకోవడం లేదు. "వాడికి తెలిస్తే సిగ్గుపడతాడు. వాణ్ణి నీ దగ్గరికి పంపిస్తాను, నేనిక్కడ పని చూసుకుంటాను" అని రాశారు.

మీ ఇద్దరి తెలివీ నా దగ్గర చెల్లదు. ఒకరిని పంపి ఒకరు ఉండిపోవడం కుదరదు, ఇద్దరూ బయల్దేరండి. బేకరీ మళ్ళీ కట్టాక వెళ్దురుగాని. అప్పుడు నేనూ వస్తాను.

ఈ ఉత్తరం ఆయనకు చూపించు. ఈ రాత్రికి ఆయన్ని కూడా పడుకోమను. ఇద్దరిలో ఎవరు ముందు నిద్రపోయినా ఫరవాలేదు, చెయ్యి మాత్రం వదలకండి.

మీ ఇద్దరి మీదా కోపంగా ఉన్న
వదిన